బ్లాస్టింగ్‌కు కంప్రెషర్ కొనేముందు నాజిల్ రంధ్రం కొలవండి

పాత బైకు ఫ్రేముకో, ఇంటి గ్రిల్లుకో పట్టిన తుప్పును ఇంటి దగ్గరే బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి జోరుతో గరుకు పొడిని కొట్టి వదిలించుకుందామనుకునేవాళ్లు దుకాణంలో అడిగే మొదటి మాట "ఎన్ని హెచ్‌పీ తీసుకోవాలి?", రెండోది "ట్యాంకు ఎన్ని లీటర్లుండాలి?". ముందు తేల్చుకోవాల్సింది ఈ రెండూ కాదు. టైర్లకు గాలి కొట్టడానికి, పెయింట్ గన్నుకు చక్కగా సరిపోయే మిషను బ్లాస్టింగ్ గన్ను తగిలించిన కాసేపటికే చేతులెత్తేస్తుంది. ఎందుకంటే బ్లాస్టింగ్‌లో ట్రిగ్గర్ నొక్కినంతసేపూ గాలి ధారలా పోతూనే ఉంటుంది. ఎంత పోతుందో చెప్పేది నాజిల్ రంధ్రం.

గన్ను దగ్గర ప్రెషర్ 80 పీఎస్‌ఐ, అంటే సుమారు 5.5 బార్ నిలవాలంటే, 2 మి.మీ. రంధ్రానికి నిమిషానికి దాదాపు 7 ఘనపుటడుగుల గాలి కావాలి. దీన్నే సీఎఫ్‌ఎం అంటారు. 2.5 మి.మీ.కి 10, 3 మి.మీ.కి 15, 4 మి.మీ.కి 26, 5 మి.మీ.కి 40 సీఎఫ్‌ఎం దాటుతుంది. రంధ్రం వెడల్పు రెట్టింపైతే గాలి నాలుగు రెట్లవుతుంది. నాజిల్ అరిగినా ఇదే లెక్క. 3 మి.మీ. సిరామిక్ నాజిల్ 3.5కి అరిగిందంటే ఖర్చు 15 నుంచి 20 సీఎఫ్‌ఎంకి ఎగబాకుతుంది. "మొన్నటిదాకా బాగానే కొట్టింది, ఇప్పుడు ప్రెషర్ నిలవట్లేదు" అనేవాళ్లు కంప్రెషర్ విప్పకముందు, కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టిన డ్రిల్ బిట్టు వెనక భాగాన్ని నాజిల్‌లో పెట్టి చూడాలి. వదులుగా ఆడితే నాజిల్ మార్చే సమయం వచ్చిందన్నమాట.

ఇక్కడ ఒక తికమక ఉంది. మీడియాను, అంటే తుప్పును కొట్టే గరుకు పొడిని, గన్నే పీల్చుకునే సక్షన్ రకంలో గాలిని నిర్ణయించేది బయటికి కనిపించే సిరామిక్ నాజిల్ కాదు, దాని వెనక గన్ను లోపలుండే చిన్న ఎయిర్ జెట్. ముందు నాజిల్ 6 మి.మీ. ఉండి లోపలి జెట్ 2.5 మి.మీ.యే ఉండవచ్చు. కాబట్టి జెట్ విప్పి కొలవండి. మీడియా ఉన్న డబ్బాకే ప్రెషర్ ఎక్కించే ప్రెషర్ పాట్ రకంలో మాత్రం చివరి నాజిలే లెక్క. అంతే గాలికి ప్రెషర్ పాట్ పని చాలా వేగంగా తెముల్తుంది. చిన్న కంప్రెషర్‌తో నెట్టుకురావాలనుకుంటే 2 మి.మీ. నాజిల్ పెట్టిన ప్రెషర్ పాటే మేలు. అయితే సన్న నాజిల్‌లో ముతక మీడియా ఇరుక్కుంటుంది. 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలున్న జల్లెడలో దిగేంత సన్నం) లేదా అంతకన్నా సన్నది, జల్లించి వాడాలి.

నాజిల్ ఖాయమయ్యాక దాని సీఎఫ్‌ఎంకి మూడో వంతు నుంచి సగం దాకా కలపండి. గాలితో చల్లబడే పిస్టన్ కంప్రెషర్ విరామం లేకుండా తిరగడానికి చేసింది కాదు. పది నిమిషాల్లో ఆరేడు నిమిషాలు తిరిగి, మిగతాది ఆగితేనే హెడ్డు, వాల్వు ప్లేట్లు నిలుస్తాయి. ఆ లెక్కన 3 మి.మీ. నాజిల్‌కు కొనాల్సింది 20, 22 సీఎఫ్‌ఎం ఇచ్చే మిషను.

అసలు మోసపోయేది ఈ సీఎఫ్‌ఎం అంకె దగ్గరే. మిషను బోర్డు మీద రాసేది చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. సిలిండర్ కొలతను, స్ట్రోకును, ఆర్‌పీఎంను గుణిస్తే వచ్చే కాగితం లెక్క అది. ట్యాంకులోకి నిజంగా చేరే గాలిని ఎఫ్‌ఏడీ, అంటే ఫ్రీ ఎయిర్ డెలివరీ అంటారు. అది డిస్‌ప్లేస్‌మెంట్‌లో మూడింట రెండొంతులుంటే మామూలు. గాలిని రెండు విడతలుగా నొక్కే మంచి టూ స్టేజ్ పంపులో ఇంకొంచెం ఎక్కువ. స్థూలంగా ఒక్కో హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్‌ఎం ఎఫ్‌ఏడీ వస్తుంది. 3 హెచ్‌పీ మిషను 20 సీఎఫ్‌ఎం ఇస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

డబ్బు కట్టేముందు దుకాణంలోనే కొలిచి చూసుకోవచ్చు. ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలేయండి, ఎందుకంటే నీళ్లు ఉన్నంత మేర ట్యాంకు చిన్నదై అంకె తప్పుడుగా పెరుగుతుంది. గాలి బయటికి పోయే వాల్వు మూసి మిషను ఆన్ చేయండి. ముల్లు 5 బార్ దగ్గరికి రాగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, 7 బార్ దగ్గర ఆపండి. ట్యాంకు 220 లీటర్లనుకుందాం. పెరిగింది 2 బార్, కాబట్టి లోపలికి చేరిన గాలి 440 లీటర్లు. దానికి 100 సెకన్లు పడితే నిమిషానికి 264 లీటర్లు. ఒక సీఎఫ్‌ఎం అంటే 28.3 లీటర్లు గనక 9.3 సీఎఫ్‌ఎం. బోర్డు మీద 14 అని ఉన్నా మీరు కొంటున్నది 9.3నే. గాలి వేడిగా ఉంటుంది కాబట్టి ఇది కూడా కాస్త ఎక్కువే చూపిస్తుంది. సున్నా నుంచి కొలవొద్దు, ఖాళీ ట్యాంకు ఎప్పుడూ చురుగ్గానే నిండుతుంది.

పెద్ద ట్యాంకు ఉంటే చిన్న పంపు సరిపోతుందనేది సగం నిజం. 300 లీటర్ల ట్యాంకు 10 బార్ నుంచి 6 బార్‌కు దిగేలోపు ఇచ్చే గాలి 1,200 లీటర్లు, అంటే 42 ఘనపుటడుగులు. గన్ను 15 లాగుతుంటే పంపు 8 ఇస్తోందనుకోండి, లోటు నిమిషానికి 7. ఆరు నిమిషాలు బ్లాస్టింగ్ సాగుతుంది, తర్వాత నిండడానికి అయిదు నిమిషాలకు పైగా ఆగాలి. ఈ వంతున మోటారు ఊపిరి పీల్చుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు సమయం కొనిపెడుతుందే తప్ప గాలిని పుట్టించదు.

టూ స్టేజ్ పంపు, వెయ్యి ఆర్‌పీఎంకు లోపు, బెల్టుతో నడిచేదైతే బ్లాస్టింగ్‌కు నప్పుతుంది. సింగిల్ స్టేజ్‌తో 7 బార్ దగ్గర గంటలకొద్దీ నడిపితే హెడ్డు విపరీతంగా కాగి, వాల్వుల మీద ఆయిలు మాడి మసి కడుతుంది. మోటారుకే నేరుగా బిగించి 2,800 ఆర్‌పీఎంతో గోల పెట్టే చిన్న మిషన్లను ఈ పనికి తీసుకోకండి.

కరెంటు సంగతి ముందే చూసుకోవాలి. సింగిల్ ఫేజ్‌లో 3 హెచ్‌పీ దాకానే సుఖం. నడిచేటప్పుడే దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగ్‌లో దానికి ఎన్నో రెట్లు. ప్లగ్గు సాకెట్టులో పెట్టి నడిపితే పిన్నులు కాలిపోతాయి. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు, మోటారు స్టార్టింగ్ కరెంటుకు ఊరికే పడిపోని సి-కర్వ్ ఎంసీబీ, గట్టి ఎర్తింగ్ ఉండాలి. సాయంత్రాలు వోల్టేజీ 190కి పడిపోయే ఊళ్లలో మోటారు మూలిగి ఆగిపోతుంది. అదే 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఏడెనిమిది ఆంపియర్లతో తేలిగ్గా లాగేస్తుంది. 3 మి.మీ. నాజిల్ తప్పదనుకుంటే మిషను కన్నా ముందు డిస్కంకు త్రీ ఫేజ్ దరఖాస్తు పెట్టుకోవాలి. త్రీ ఫేజ్ రాని చోట 3 హెచ్‌పీ, 2 లేదా 2.5 మి.మీ. నాజిల్‌తో సర్దుకోవడమే తెలివైన పని.

ఇక నీళ్లు. కోస్తాలో బ్లాస్టింగ్ చెడేది ఎక్కువగా వీటివల్లే. 35 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో ఘనపు మీటరు గాలిలో 30 గ్రాములకు పైగా నీరుంటుంది. 15 సీఎఫ్‌ఎం మిషను గంటలో పాతిక ఘనపు మీటర్లు పీలుస్తుంది, అంటే దాదాపు 800 మిల్లీలీటర్ల నీరు. ఆ గాలి వేడిగా ఉన్నంతసేపూ నీరు ఆవిరిగానే దాక్కుంటుంది, చల్లబడ్డాకే బయటపడుతుంది. అందుకే ట్యాంకు మూతి దగ్గరే బిగించిన వాటర్ సెపరేటర్ పెద్దగా పట్టదు. ట్యాంకు నుంచి ముప్పావు అంగుళం జీఐ పైపును గోడ వెంట పది, పదిహేను మీటర్లు కొద్దిపాటి వాలుతో తిప్పండి. ప్రతి మలుపులోనూ కిందికి ఒక ముక్క వదిలి, చివర డ్రెయిన్ వాల్వు పెట్టండి. సెపరేటర్, రెగ్యులేటర్ ఆ పైపు చివర, గన్నుకు దగ్గరగా ఉండాలి. పీవీసీ పైపు మాత్రం వాడొద్దు, అది పగిలితే పెంకులు కత్తుల్లా ఎగురుతాయి. తడి చేరితే గార్నెట్ (మీడియాగా వాడే గట్టి ఖనిజపు పొడి) ముద్దకట్టి నాజిల్ దగ్గర ఆగుతుంది, శుభ్రం చేసిన ఇనుము గంటలోనే మళ్లీ ఎర్రబారుతుంది.

హోస్ పైపు లోపలి వ్యాసం కనీసం అరంగుళం ఉండాలి. పావు అంగుళం కప్లింగులు రెండు పెడితే కొన్న గాలిలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే చస్తుంది. ప్రెషర్‌ను ట్యాంకు మీటరు మీద కాదు, ట్రిగ్గర్ నొక్కి ఉంచి గన్ను దగ్గర చూడాలి.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే పంపు కన్నా ముందు ట్యాంకు అడుగు చూడండి. రంగు ఉబ్బినా, సుత్తితో తడితే శబ్దం మొద్దుబారినా వదిలేయండి. సందేహముంటే నీళ్లు నింపి, పనిచేసే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్ల దాకా హైడ్రో టెస్ట్ చేయించాలి. గాలితో మాత్రం టెస్ట్ చేయొద్దు. సేఫ్టీ వాల్వు రింగు లాగితే బుస్సుమనాలి. మిషను ఆగాక ప్రెషర్ స్విచ్ దగ్గర గాలి ఆగకుండా లీకవుతుంటే ఎన్‌ఆర్‌వీ, అంటే ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు పోయిందని అర్థం. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మోటారు లోడు మీద లేవలేక మూలుగుతుంది.

ఏటి ఇసుక ఎంత చవగ్గా దొరికినా వాడకండి. దాని సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలో ఉన్న గార్నెట్టే ఈ పనికి మంచి మీడియా. అది వాడినా, గుడ్డ మాస్కుతో సరిపెట్టకుండా దుమ్మును వడకట్టే రెస్పిరేటర్ పెట్టుకోవాలి. ఈ కంప్రెషర్ గాలిని తలకు తొడిగే హుడ్డులోకి మళ్లించి పీల్చుకోవాలనుకోవద్దు, అందులో ఆయిలు ఆవిరి, కాగిన హెడ్డు వదిలే కార్బన్ మోనాక్సైడు ఉండొచ్చు.