లైటు వెలిగినా ముందు చక్రాలు లాగకపోతే: హబ్బుల సంగతి

మైపాడు ఇసుకలోనో, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కట్ట మీదో ఫోర్ వీల్ డ్రైవ్ బండి దిగబడుతుంది. లివర్ ఫోర్ వీల్‌లోకి వేస్తారు. మీటర్లో లైటు వెలుగుతుంది. వెనక చక్రాలు మాత్రం గుంత తవ్వుకుంటూనే ఉంటాయి. గేర్ బాక్స్ పోయిందేమోనని టెన్షన్ మొదలవుతుంది. దాన్ని దింపించే ముందు హబ్బులు చూడండి.

ముందు ఎక్సెల్‌కీ చక్రానికీ మధ్య హబ్బు ఒక గడియ. అది పడితేనే ఇంజను బలం చక్రం దాకా వస్తుంది. మారుతి జిప్సీ లాంటి బళ్లలో హబ్బు మీది డయల్‌ను చేత్తో తిప్పాలి, ఫ్రీ, లాక్ అని రాసి ఉంటుంది. ఆటోమేటిక్ వాటిలో కొన్ని ఎక్సెల్ తిరిగే బలంతో పడతాయి. మారుతి జిమ్నీలో ఉన్నవి వ్యాక్యూమ్‌తో, అంటే గొట్టంలో గాలి లాగే బలంతో పడతాయి. చాలా బళ్లలో ఆ లైటు చెప్పేది లోపల గేరు పడిందని మాత్రమే. హబ్బు సంగతి దానికి తెలియదు.

లైటు ఉంది, లాగుడు లేదు

మాన్యువల్, అంటే చేత్తో తిప్పే హబ్బయితే రెండు వైపులా డయల్ చూడండి. ఒకటి లాక్‌లో, ఒకటి ఫ్రీలో ఉండిపోవడం మామూలే. ఒక చక్రమైనా లాగుతుంది కదా అనుకుంటారు. లాగదు. రెండు చక్రాలకూ బలం పంచే మామూలు డిఫరెన్షియల్ ఆ బలాన్ని సులువుగా తిరిగే వైపుకే వదిలేస్తుంది. ఫ్రీగా ఉన్న వైపు షాఫ్టు (చక్రానికి బలం తెచ్చే కడ్డీ) ఊరికే గిరగిరా తిరుగుతుంది, లాక్ చేసిన చక్రం కదలదు.

డయల్ రెండు వైపులా లాక్‌లోనే ఉన్నా అనుమానం ఉంటే గట్టి నేల మీద ఇలా చూడండి. ఇంజను ఆపి, లివర్ ఫోర్‌లో పెట్టి, గేరు వేసి ఉంచండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపండి. చేత్తో తిప్పితే కొంచెం ఆడి ఆగిపోవాలి. హాయిగా తిరిగిందంటే రెండు హబ్బుల్లో ఒకటి పట్టడం లేదు. చక్రం వెనక షాఫ్టు కనిపించే బండిలో చక్రం తిరుగుతూ షాఫ్టు కదలకపోతే తప్పు ఆ హబ్బుదే. షాఫ్టు కూడా తిరిగితే అవతలి వైపు చూడాలి. జిప్సీలో షాఫ్టు గొట్టంలో ఉంటుంది కాబట్టి రెండు మూతలూ విప్పక తప్పదు. ఈ పరీక్ష మాన్యువల్ హబ్బులకే, ఆటోమేటిక్ వాటికి పనికిరాదు.

హబ్బులు బాగానే ఉండి కూడా ఇసుకలో కదలకపోతే టైర్లలో గాలి తగ్గించండి. నిండా గాలి కొట్టిన టైర్లతో దిగి హబ్బును తిట్టి లాభం లేదు.

డయల్ కదలదు

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరం ఊళ్లలో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. ఉప్పు గాలి, ఏడాది పొడవునా ముట్టుకోని డయల్, గట్టిపడిన పాత గ్రీజు. కటింగ్ ప్లేయర్ పెట్టి తిప్పకండి, డయల్ విరుగుతుంది. ముందు లివర్ టూ వీల్‌కి తెచ్చి, బండిని ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. పళ్ల మీద బిగువు ఉంటే అక్కడే వదిలేస్తుంది.

అప్పటికీ రాకపోతే మూత విప్పి, లోపలి భాగాలు కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, పలచగా గ్రీజు రాయాలి. పలచగా అంటే పలచగానే. కొన్ని షెడ్లలో బేరింగుకి కూరినట్టు హబ్బు నిండా కూరుతారు. జారాల్సిన రింగు ఆ ముద్దలో ఇరుక్కుంటుంది.

విప్పినప్పుడు గ్రీజు మజ్జిగలా తెల్లగా కనిపిస్తే నీళ్లు చేరాయన్నమాట. వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్లలో మునిగితే సీలు పక్కనుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు సీలు, గాస్కెట్ మార్చి, చక్రం బేరింగులు కూడా చూపించాలి. ఉప్పునీళ్లయితే వాయిదా వేయొద్దు.

కటకటమని శబ్దం

బరువు మీద లాగేటప్పుడు వస్తే డయల్ సగంలో ఆగి ఉండొచ్చు, లేదా పళ్లు అరిగి ఉండొచ్చు. డయల్‌ను చివరిదాకా తిప్పి చూడండి. పళ్లు అరిగితే హబ్బు మార్చడమే. స్టీరింగ్ తిప్పినప్పుడే వస్తే ముందు ఎక్సెల్ జాయింట్లను అనుమానించాలి.

ఎక్సెల్ బలంతో పడే ఆటోమేటిక్ హబ్బు ముందుకూ వెనక్కూ మార్చిన ప్రతిసారీ విడిపోయి మళ్లీ పడుతుంది. దిగబడ్డ బండిని ఊపి తీసేటప్పుడు ఇదే తలనొప్పి. ఇసుకలోకి దిగకముందే ఫోర్ వేసి కొన్ని గజాలు నడపండి, చక్రాలు గిర్రున తిరుగుతుండగా వేయకండి.

టూ వీల్‌కి తెచ్చినా స్టీరింగ్ బిగువుగా ఉంది

లోపల ఫోర్ గేరు ఇంకా విడిపోకుండా ఉండొచ్చు, ఆటోమేటిక్ హబ్బు కూడా. తిన్నగా రెండు మూడు మీటర్లు రివర్స్ చేస్తే చాలా వాటిలో విడిపోతుంది. మాన్యువల్‌లో డయల్ లాక్‌లోనే మర్చిపోయినా, లివర్ టూలో ఉంటే బండికేమీ కాదు, పెట్రోలో డీజిలో కొంచెం ఎక్కువ తాగుతుంది. తారు రోడ్డు మీద లివర్ ఫోర్‌లో ఉండటమే చెరుపు.

వ్యాక్యూమ్ రకం ఒకసారి పడి, ఒకసారి పడకపోతే

ముందు సన్న గొట్టాలు చూడండి, పగిలో, ఊడిపోయో ఉంటాయి. అవి బాగుంటే సీలు, తర్వాత సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు).

ఆటోమేటిక్ హబ్బులు తీసి మాన్యువల్ వేయిస్తే?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో రోజూ కట్టల మీద తిరిగే బండికైతే వేయించమనే అంటాను. రోడ్డు దిగే చోటే లాక్ తిప్పుకుంటే బురదలో కాలు పెట్టే పని లేదు. ఇంట్లో అందరూ నడిపే బండికి అనవసరం. కిట్ కొనేముందు షాఫ్టు పళ్ల లెక్క, బోల్టుల లెక్క సరిపోతాయో లేదో చూసుకోండి. వ్యాక్యూమ్ బండి అయితే పాత గొట్టాలకు గట్టిగా బిరడా వేయించండి. తెరిచి వదిలేస్తే దుమ్ము, ఉప్పునీళ్లు లోపలికి లాక్కుంటాయి.