బ్రెజిల్ నట్ చెట్టు: గుర్తుపట్టడం, మొలిపించడం, కాయించడం

మూడు పలకలుగా, ముదురు గోధుమ రంగు పెంకుతో ఉండే బ్రెజిల్ నట్‌ను తిన్నవారు చాలామంది ఉన్నారు గాని, అది ఏ చెట్టుకు, ఎలాంటి కాయలో పుడుతుందో చూసినవారు తక్కువ. పేరులో నట్ అని ఉన్నా, వృక్షశాస్త్రం ప్రకారం అది గట్టి పెంకు కలిగిన విత్తనం మాత్రమే. అటువంటి విత్తనాలు 10 నుంచి 25 దాకా ఒకే కాయలో బత్తాయి తొనల్లా ఒదిగి ఉంటాయి. చెట్టు శాస్త్రీయ నామం బెర్తొలేషియా ఎక్సెల్సా. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త క్లోడ్ లూయీ బెర్తొలే పేరు మీదుగా ఆ నామం వచ్చింది. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. బ్రెజిల్, బొలీవియా, పెరూ, కొలంబియా, వెనెజులా, గయానా ప్రాంతాలలో, వరద నీరు ఎక్కని మెరక నేలల అడవులు దీని స్వస్థలం. పేరు బ్రెజిల్‌దే అయినా, ఎగుమతిలో చాలాకాలంగా బొలీవియాదే పైచేయి.

పెంచదలచినవారు మొదటే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ చెట్టును మొలిపించడం కష్టం, మొలిచాక పెంచడం తేలిక, పెరిగాక కాయించడం మళ్ళీ కష్టం. అందుకే ఇక్కడ మొదటి దశకు, చివరి దశకు ఎక్కువ చోటిచ్చి, నడుమ దశను త్వరగా దాటుతున్నాను.

చెట్టును గుర్తుపట్టడం

ఎదిగిన చెట్టు 30 నుంచి 50 మీటర్ల ఎత్తుంటుంది. మాను వ్యాసం సాధారణంగా 1 నుంచి 2 మీటర్లు. అది స్తంభంలా నిటారుగా లేచి, సగానికి పైగా ఎత్తు వరకు ఒక్క కొమ్మ కూడా లేకుండా సాగి, చుట్టుపక్కల చెట్ల తలలను దాటిన తరువాతే గొడుగులా విచ్చుకుంటుంది. బెరడు బూడిద, గోధుమ రంగులు కలిసినట్టుండి, దాని మీద నిలువు చీలికలు కనిపిస్తాయి. అయితే ఆ అడవులలో ఇంత ఎత్తైన మానులు ఇంకా అనేకం ఉన్నాయి కనుక, ఎత్తును, బెరడును మాత్రమే చూసి నిర్ధారణకు రావడం సరికాదు. కొమ్మలు చేతికి అందవు కాబట్టి కింద రాలిన ఆకులను వెతకాలి. ఆకు దళసరిగా, కోలగా, 20 నుంచి 35 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, అంచు మెల్లగా అలలు తిరిగి ఉంటుంది. ఎండాకాలంలో చెట్టు ఆకు రాలుస్తుంది గనుక ఆ రోజులలో వెతకడం సులువు.

పువ్వు దొరికితే కుటుంబం తెలిసిపోతుంది. నాగలింగం పువ్వును చూసినవారికి దీని నిర్మాణాన్ని విడిగా వివరించనక్కరలేదు. రెండూ లెసిథిడేసీ కుటుంబానివే. నాగలింగంలో కేసరాలన్నీ కలిసి పడగలా వంగినట్టే ఇక్కడా వంగుతాయి. కాకపోతే ఈ పువ్వు చిన్నది, మీగడ రంగు రేకులు ఆరు, పడగ కండగలిగి బరువుగా ఉండి, కింది భాగాన్ని మూతలాగా గట్టిగా అదుముకొని ఉంటుంది. ఈ మూత సంగతి గుర్తుంచుకోండి. కాపు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

సందేహానికి తావివ్వని ఆనవాలు కాయ. గుండ్రంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల అడ్డుకొలత, 2 కిలోల దాకా బరువు, కొయ్యలాంటి మందపాటి చిప్ప. పువ్వు నుంచి పక్వమైన కాయ రావడానికి దాదాపు 14 నెలలు పడుతుంది గనుక, ఒకే చెట్టు మీద నిరుటి కాయలు, ఈ ఏటి పూలు కలిసి ఉండడం మామూలే. రాలిన కాయను చేతిలోకి తీసుకొని కొనవైపు పరిశీలిస్తే, వేలి కొన పట్టేపాటి చిన్న రంధ్రం ఒకటి కనిపిస్తుంది. దాని మూత బయటికి ఊడదు, లోపలికి పడిపోతుంది. ఆ రంధ్రం విత్తనం కన్నా చిన్నది. కాబట్టి కాయను ఎంత ఊపినా లోపల గలగలమంటుందే తప్ప ఒక్క గింజైనా బయటికి రాదు. కత్తితో నరకాలి, లేదా అగౌటి అనే ఎలుకజాతి జంతువులాగా పదునైన పళ్ళతో కొరకాలి. అగౌటి తినగా మిగిలిన గింజలను అక్కడక్కడ పాతిపెడుతుంది, మరిచిపోయినవి మొలకెత్తుతాయి. అది కొరికి వదిలేసిన ఖాళీ చిప్పలు చెట్టు చుట్టూ పడి ఉంటాయి. ఆ చిప్పలలో నిలిచిన వాన నీటిలో పిల్లలను పెంచే చిన్న విషపు కప్ప కూడా ఒకటుంది; 1990లో వర్ణించిన ఆ కప్ప శాస్త్రనామంలోనే ఈ చెట్టు పేరు ఇమిడి ఉంది.

అదే కుటుంబంలోని లెసిథిస్ చెట్లతో పొరపాటు పడే అవకాశం ఎక్కువ. వాటి కాయ కూడా కొయ్య కుండలాగే ఉంటుంది గాని, పండినప్పుడు దాని మూత ఊడి కింద పడుతుంది, వెడల్పైన మూతి తెరుచుకొని విత్తనాలు బయటికి వస్తాయి. తేడా తెలుసుకోవడం తిండి విషయంలోనూ అవసరం. సెలీనియం అనే ఖనిజం అధికంగా ఉన్న నేలలో పెరిగిన కొన్ని లెసిథిస్ జాతుల గింజలు ఎక్కువగా తిన్నవారికి జుట్టు రాలిపోయిన సందర్భాలున్నాయి. నాగలింగంతో మాత్రం పొరపాటు పడే వీలు లేదు. దాని కాయలు మాను మీద తాళ్ళకు కట్టినట్టు వేలాడతాయి, కింద పడితే పగిలి దుర్వాసన కొడతాయి.

వానాకాలంలో కాయలు రాలుతున్నప్పుడు ఈ చెట్టు కింద నిలబడి గుర్తులు వెతకకూడదు. 40 మీటర్ల పైనుంచి పడే కిలోన్నర కాయ తల మీద పడితే ప్రాణం పోతుంది. అడవిలో ఏరుకొనేవారు గాలీవానా తగ్గేదాకా చెట్టు దగ్గరికి వెళ్ళరు.

విత్తనం నుంచి మొలక దాకా

తినడానికి అమ్మే ఒలిచిన పప్పు మొలవదు. పెంకుతో అమ్మేవి కూడా చాలావరకు ఎండబెట్టినవే కాబట్టి వాటి మీదా ఆశ పెట్టుకోకూడదు. తాజాగా రాలిన కాయలోంచి తీసిన, తేమ ఆరని విత్తనం కావాలి. విత్తనాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూడండి. లోపల పప్పు కదిలిన చప్పుడు వస్తే అది ఎండి ముడుచుకుపోయిందని అర్థం. చప్పుడు రాకుండా, చేతికి బరువుగా తోచినదాన్ని ఉంచుకోవాలి. నీటిలో వేసినప్పుడు తేలినవాటిని తీసి పారేయాలి.

పెంకుతోనే విత్తితే మొలకెత్తడానికి సంవత్సరం, సంవత్సరంన్నర పట్టడం సాధారణం. కొన్ని అంతకన్నా ఆలస్యంగా లేస్తాయి. అన్నాళ్ళు నారుమడిని తడుపుతూ, ఎలుకల నుంచి కాపాడుతూ కూర్చోవడం అందరివల్లా అయ్యే పని కాదు. పెంకు తీసి విత్తితే ఈ గడువు కొన్ని నెలలకు తగ్గుతుంది. నా దృష్టిలో ఈ చెట్టు పెంపకంలో అసలైన పనితనమంతా ఈ ఒలుపులోనే ఉంది. విత్తనాలను ఒక రోజంతా నీటిలో నానబెట్టి పెంకును మెత్తబరచాలి. సుత్తితో కొట్టకూడదు, పప్పు చితికిపోతుంది. పట్టకారులో గాని, చిన్న బిగింపు మరలో గాని పెట్టి, పలకల అంచుల మీద మెల్లగా ఒత్తిడి పెంచితే అంచు వెంట పెంకు చిట్లుతుంది. ఆ చీలికలో సన్నని చాకు మొన దూర్చి, ముక్కలు ముక్కలుగా ఊడదీయాలి. పప్పు మీద గోరు గీరినంత గాయమైనా బూజుకు దారి దొరికినట్టే. దీనిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా నూనే ఉంటుంది, గాయపడిన చోట కుళ్ళు త్వరగా పాకుతుంది. గాయపడినవాటిని విత్తకుండా పక్కన పెట్టి, మిగిలినవాటిని శిలీంద్రనాశిని మందు నీటిలో ముంచి ఆరనివ్వాలి.

విత్తడానికి కడిగిన ఇసుక గాని, ఇసుక, కుళ్ళిన రంపపు పొట్టు కలిపిన మిశ్రమం గాని చాలు, ఎరువు వేయకూడదు. పప్పును పక్కకు పడుకోబెట్టి, పైన రెండు సెంటీమీటర్లకు మించకుండా కప్పాలి. తేమ ఉండాలి, నీరు నిలవకూడదు. నారుమడి మీద నీడ, చుట్టూ, అడుగున, పైన సన్నని ఇనుప జాలీ తప్పనిసరి. ఒకే రోజు విత్తినవి ఒకేసారి లేవవు; నెలల తేడాతో లేచినా కంగారుపడి తవ్వి చూడకూడదు.

మొలక తీరు కూడా వింతే. చిక్కుడు గింజలాగా ఇందులో రెండు బద్దలు ఉండవు. పప్పు మొత్తం ఒకే పిండపు ముద్ద. ముందుగా ఒక కొననుంచి వేరు, తరువాత రెండో కొననుంచి చిగురు వస్తాయి. చిగురు లేచి ఆకులు వేసిన తరువాత కూడా ఆ పప్పు మొక్క మొదట్లో నెలల తరబడి అంటుకొనే ఉండి దానిని పోషిస్తుంది. కుళ్ళిందేమో అనుకొని దానిని తుంచేవారు మొక్కను చేజేతులా ఆకలికి వదిలినట్టే.

నాటడం, పెంచడం

వేరు, చిగురు రెండూ కనిపించగానే లోతైన సంచులలోకి మార్చాలి, తల్లివేరు వంకర తిరగకుండా చూసుకోవాలి. ఓ అడుగు ఎత్తు వచ్చి, కాండం గట్టిపడిన తరువాత వానల మొదట్లో నేలలో నాటవచ్చు. ఏడాది పొడవునా వెచ్చగా, సగటున 24 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రత, 1,400 నుంచి 2,800 మిల్లీమీటర్ల వాన ఉన్న చోట ఇది సుఖంగా పెరుగుతుంది. కొన్ని నెలల వానలేమిని ఓర్చుకుంటుంది గాని చలిని, నీరు నిలిచే నేలను ఓర్చుకోదు. సారం తక్కువైన ఆమ్ల నేల, బంకమట్టి దీనికి అడ్డంకి కావు. మొదటి కొన్ని నెలలు పలుచని నీడ ఉంటే మేలు, ఆ తరువాత ఎండ పూర్తిగా కావాలి. అడవిలో కూడా దీని పిల్ల మొక్కలు నీడలో ఏళ్ళ తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా ఉండి, ఏదైనా పెద్ద చెట్టు కూలి వెలుతురు పడ్డప్పుడే పైకి లేస్తాయి. చెట్టుకు చెట్టుకు కనీసం 10 మీటర్లు, గింజ మొక్కలకైతే అంతకు రెట్టింపు ఎడం ఇవ్వాలి. నడుమ కోకో వంటి నీడ పంట వేసుకోవచ్చు.

గింజ మొక్క బయలు ప్రదేశంలో కూడా కాపుకు రావడానికి 12 ఏళ్ళో, అంతకు మించో పడుతుంది. బాగా కాసే చెట్టునుంచి కన్ను తీసి కన్నంటు కట్టిన మొక్కలైతే చాలా ఏళ్ళు ముందుగా, తక్కువ ఎత్తులోనే కాస్తాయి. దొరికితే అంటు మొక్కే తెచ్చుకోవడం మంచిది.

కాపు

ఒంటి చెట్టు దాదాపు కాయదు. తన పుప్పొడితో తాను కాయ కట్టడం దీనికి చాలా అరుదు. ఒకే తల్లినుంచి తీసిన అంటు మొక్కలు ఎన్ని ఉన్నా ఈ లెక్కలో ఒకే చెట్టు. వేర్వేరు తల్లుల మొక్కలను కలిపి నాటాలి. రెండో షరతు తేనెటీగల తెగకు చెందిన ఈగలది. పైన చెప్పిన పడగ మూతను ఎత్తి లోపలికి దూరాలంటే బలమైన పెద్ద ఈగ కావాలి. పెట్టెలలో పెంచే చిన్న తేనెటీగకు ఆ శక్తి లేదు. అమెజాన్‌లో ఈ పని చేసేవి ఆర్కిడ్ ఈగలు, తుమ్మెదలు, బంబుల్ ఈగలు. ఇవి మనం పెట్టెలో తెచ్చి వదిలేవి కావు; ఎండు దుంగలు, రకరకాల పూలు ఉన్న అడవి అంచున బతికేవి. బ్రెజిల్ 2006లో ఒక ఉత్తర్వు ద్వారా ఈ చెట్లను కలపకోసం నరకడాన్ని నిషేధించింది. అందువల్ల అడవి కొట్టిన పచ్చిక బయళ్ళలో ఇవి ఒంటరిగా మిగిలి ఉంటాయి గాని, వాటి కాపు అడవి చెట్ల కాపుకు సాటిరాదు. కాబట్టి తోట వేసేవారు పక్కన కొంత అడవిని వదలాలి, ఎండు మానులను తీసేయకుండా ఉంచాలి, తుమ్మెదలకు ఇష్టమైన ప్యాషన్ ఫ్రూట్ తీగలను పాకించాలి, పూత కాలంలో పురుగుమందు చల్లకూడదు.

కాయలను కోయరు, రాలినవాటినే ఏరతారు. రాలిన కాయ తడి నేల మీద వారాలు పడి ఉంటే లోపల బూజు పట్టి, ఆఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది; గాలి తగ్గిన వెంటనే ఏరి, నరికి, గింజలు కడిగి, పలుచగా పరిచి ఆరబెట్టాలి. నూనె ఎక్కువ కాబట్టి ఒలిచిన పప్పు త్వరగా కారువాసన కొడుతుంది, తినేముందే ఒలవడం మంచిది. ఒక్కో పప్పులో సుమారు 70 నుంచి 90 మైక్రోగ్రాముల సెలీనియం ఉంటుంది, నేలను బట్టి ఇది బాగా మారుతుంది కూడా. పెద్దవారికి రోజుకు 400 మైక్రోగ్రాములు పరిమితి కనుక, రోజుకు ఒకటి రెండు పప్పులతో ఆపేయాలి.