ఉప్పెక్కిన సూపు రెండు పూటలకు సరిపోయింది

ఆదివారం అమలాపురంలో ముసురు వదలలేదు. పిల్లలకు జలుబు. కోడి ఎముకలు, అల్లం, మిరియాలు వేసి రెండు లీటర్ల నీళ్లు సన్నని సెగ మీద గంటన్నర మరిగించాను. ఉప్పు మొదట్లోనే వేశాను. నీళ్లు ఇగిరేసరికి నోట పెట్టలేనంత ఉప్పు!

బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు. వేశాను. దుంప ఉప్పగా అయింది, సూపు అలాగే ఉంది. ఉప్పు లేనిదేదైనా కలిపితేనే విరుగుతుంది. గుప్పెడు పెసరపప్పు మెత్తగా ఉడికించి, కట్టుతో సహా పోశాను. రుచి కుదిరింది, చిక్కదనమూ వచ్చింది. దించాక నిమ్మకాయ పిండాను.

అందరం తాగినా సగం మిగిలింది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు పైన తెల్లగా పేరుకున్న కొవ్వును చెంచాతో తీసి, దానితోనే ఉల్లిపాయ, కరివేపాకు తాళింపు వేశాను. ఆ వాసన వీధి గుమ్మం దాకా వెళ్లింది. సూపు పోసి, ములక్కాడ, సొరకాయ ముక్కలు ఉడికాక, ఫ్రిజ్‌లో ఉంచిన రాత్రి అన్నం మెదిపి కలిపి బాగా తెర్లనిచ్చాను. జారుగా ఉండగానే దించాలి, పళ్లెంలోకి వచ్చేసరికి అన్నం పీల్చుకుని గట్టిపడుతుంది.

అత్తయ్యగారు మాగాయ నంజుకుంటూ మారు వడ్డించమన్నారు.