ఈస్టర్ తెల్లవారుజాముకు ఇలా సిద్ధపడండి

విజయనగరంలో ఏప్రిల్ ఎండ తెలిసిందే. సమాధుల తోట పని ఈస్టర్ ముందురోజు, శనివారం పొద్దున్నే ముగించండి. గడ్డి పీకి, సున్నం వేసి, కొవ్వొత్తులు నిలబెట్టే చోటు చదును చేయండి. మా అమ్మ సమాధికి నేనే సున్నం వేస్తాను, ఆ పని ఎవరికీ ఇవ్వను.

ఆ సాయంత్రమే గంటస్తంభం వైపు వెళ్లి మల్లెలు కొని తడిగుడ్డలో చుట్టండి. ఆంగ్లికన్ పద్ధతిలో లెంటులో, అంటే ఆదివారాలు కాక ఈస్టర్‌కి ముందు 40 రోజుల ఉపవాస కాలంలో, గుడిలో ప్రభు బల్లపై ఊదా గుడ్డ ఉంటుంది. ఈస్టర్‌కి తెల్లది పరవాలి, ముందే ఇస్త్రీ చేసి ఉంచండి. లెంటులో ఆపిన ‘హల్లెలూయా’ ఆ ఉదయమే మళ్లీ పాడతాం కనుక పాటల వరుస రాసి పెట్టుకోండి.

ఆరాధన అయ్యాక అందరికీ ఉప్మా, టీ. మంచాన ఉన్న పెద్దవాళ్ల పేర్లు పాస్టరుగారికి ముందురోజే ఇవ్వండి, ప్రభురాత్రి భోజనం (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) ఇంటికే తెస్తారు.