నాందేడ్ గురుద్వారాకు వెళ్లే ముందు జాగ్రత్తలు

నిజామాబాద్ మీదుగా రైలెక్కితే నాందేడ్ మనకు దూరమేం కాదు. 1708లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ కన్నుమూసింది అక్కడే. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారా సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే మత అధికార పీఠాల్లో ఒకటి.

• బయల్దేరే ముందే జేబులు, బ్యాగు తడిమి చూసుకోండి. సిగరెట్, గుట్కా, ఖైనీ, మద్యం ఏవీ ఉండకూడదు. గేటు దగ్గర దాచేద్దాంలే అనుకోవద్దు, అసలు తీసుకెళ్లకండి. సిక్కు ధర్మంలో పొగాకు గట్టి నిషేధం.

• తల కప్పుకోవడానికి గుడ్డ పెట్టుకోండి. ఆడా మగా పిల్లలూ, అందరికీ ఇదే నియమం. మగవాళ్లకు పెద్ద చేతిరుమాలు చాలు. చున్నీ జారిపోయే రకమైతే ఓ పిన్ను ఉంచుకోండి.

• చెప్పులు బయటే. కాళ్లు కడుక్కుని లోపలికి.

• గురు గ్రంథ్ సాహిబ్‌ను మామూలు పుస్తకంలా చూడకండి. 1430 పేజీల ఆ గ్రంథమే వాళ్లకు గురువు. అందుకే దాని వైపు కాళ్లు చాపకూడదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను గోడ వారగా, పక్కకు తిరిగి కూర్చోబెట్టండి.

• కడా ప్రసాదం రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. గోధుమపిండి, చక్కెర, నెయ్యితో చేస్తారు. నెయ్యి మాత్రం ధారాళం, కొంచెమే పెట్టమని అడగొచ్చు.

• లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో కులం, హోదా చూడరు, అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చోవాలి. డబ్బు అడగరు. పారేయకుండా, తినగలిగినంతే వడ్డించుకోండి. వీలైతే కాసేపు గిన్నెలు కడగండి, అదీ సేవే.

• సిక్కుల నడుముకు ఉండే కిర్పాన్ (చిన్న కత్తి) చూసి పిల్లలు భయపడొచ్చు. అది మత చిహ్నమని ముందే చెప్పి ఉంచండి.