కొట్టు వైఫై, లాడ్జి వైఫై: ఏ సమస్యకు కారణం ఏది, ఎలా సరిచేయాలి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న వ్యాపారాల్లో వైఫై సంగతి దాదాపు ఒకేలా ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ కుర్రాడు బిగించి వెళ్ళిన రౌటర్ ఒకటి, దానికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. బిల్లింగ్ కంప్యూటరూ, స్వైప్ మెషీనూ, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆరూ, పనివాళ్ళ ఫోన్లూ, కొనడానికి వచ్చినవాళ్ళ ఫోన్లూ అన్నీ దాని మీదే నడుస్తుంటాయి. నెట్ స్లో అయిందంటే ప్లాన్ పెంచేస్తారు గానీ, లోపల ఎవరెవరు ఉన్నారో చూసేవాళ్ళు తక్కువ.

పొద్దున్న బాగుంటుంది, సాయంత్రానికి నెట్ కదలదు

ముందు రౌటర్ పేజీ తెరవండి. అడ్రస్ సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడొచ్చు. కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో రెడ్‌మీ, వివో, గెలాక్సీ అంటూ మీకు తెలియని పేర్లు వరసగా కనిపిస్తే కారణం దొరికినట్టే, పాస్‌వర్డ్ ఊరంతా తెలిసిపోయింది. మీరు నోరు విప్పి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఒకసారి కనెక్ట్ అయిన ఫోన్ ఏదైనా ఆ వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపిస్తుంది, చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ అక్షరాలా రాసి ఉంటుంది కూడా. మీ దగ్గర పనిచేసే అబ్బాయి పక్క పాన్ షాపు అతనికి చూపిస్తే, అక్కణ్ణుంచి ఆటో స్టాండుకు చేరడానికి ఎంతసేపు?

పాస్‌వర్డ్ ఒక్కటీ మారిస్తే కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. మారిస్తే మార్చండి, దాంతోపాటు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్, అంటే బయటివాళ్ళ కోసం వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో ఉండే వైఫై, ఆన్ చేసి, మీ లావాదేవీల పరికరాలు, డీవీఆర్ తప్ప మిగతావన్నీ అందులోకి పంపండి. పనివాళ్ళ సొంత ఫోన్లు కూడా అందులోకే, ఇక్కడ మొహమాటం పనికిరాదు. కొన్ని రౌటర్లలో గెస్టులు లోకల్ నెట్‌వర్క్‌ను చూడొచ్చనే టిక్కు ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయండి. తీశాక గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్ నుంచి డీవీఆర్ అడ్రస్ కొట్టి చూడండి. కెమెరా లాగిన్ పేజీ వచ్చిందంటే రెండూ ఇంకా విడిపోలేదు, పేరు మాత్రమే వేరు. గెస్టులకు స్పీడు పరిమితి పెట్టే వీలు మీ రౌటర్‌లో ఉంటే అదీ పెట్టేయండి, సాయంత్రం గోల అక్కడితో తగ్గుతుంది.

వైఫై పేరు దాచేయడం, మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) ఫిల్టర్ పెట్టడం లాంటి చిట్కాలు యూట్యూబ్‌లో తెగ తిరుగుతుంటాయి, వాటితో ఒరిగేదేమీ లేదు. ఇప్పటి ఫోన్లు మ్యాక్ అడ్రస్‌ను మార్చి చూపిస్తాయి, దాచిన పేరును ఉచిత యాప్ కూడా పట్టేస్తుంది.

పాస్‌వర్డ్ మార్చినా మళ్ళీ ఎవరో దూరుతున్నారు

రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది డబ్ల్యూపీఎస్, బటన్ నొక్కితే కనెక్ట్ అయ్యే సదుపాయం. దానికి 8 అంకెల పిన్ ఉంటుంది, కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, పైగా చివరి అంకె మిగతావాటిని బట్టి లెక్కగా వచ్చేదే. అందుకని మహా అయితే 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఈ లోపం 2011లోనే బయటపడింది, ఐనా ఆన్‌లో ఉన్న రౌటర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పూర్తిగా ఆఫ్ చేయండి.

రెండోది, ఊహించగలిగే పాస్‌వర్డ్. మన దగ్గర మూడే రకాలు: రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మ పేరు పక్కన 123, షాపు పేరు పక్కన రాయగడ పిన్‌కోడ్ 765001, లేదంటే బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసి ఉన్న ఫోన్ నంబరు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిలో, ఏదైనా ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణంలో రౌటర్‌తో జరిగే సంభాషణను ఎవరైనా పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళి, తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించుకోవచ్చు. రౌటర్‌కు ఆ విషయం తెలియనే తెలియదు. మంచి గ్రాఫిక్స్ కార్డుకు 10 అంకెల నంబర్లన్నీ ప్రయత్నించడం గంటల్లో తేలిపోయే పని. కనీసం 8 అక్షరాలు ఉండాలన్నది రూలు, 63 దాకా పెట్టుకోవచ్చు. పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి: జీడిపప్పు, గొడుగు, రైలుగేటు, చింతచిగురు. ఇవే పెట్టకండి మరి.

రౌటర్ పేజీలోకి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే. అది ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటే పైన చెప్పినవన్నీ వృథా. కరెంటు పోయి వచ్చాక నెట్ రాలేదని ఎవరో పిన్నుతో రీసెట్ నొక్కేసినా అన్నీ మొదటికొస్తాయి, కాబట్టి రౌటర్‌ను గల్లా పక్కన అందరి చేతికీ అందేలా పెట్టకండి.

ప్లాన్ 100 ఎంబీపీఎస్, ఫోన్‌లో 20 దాటదు

సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. డబ్ల్యూఈపీ గానీ టీకేఐపీ గానీ (రెండూ పాత తాళం పద్ధతులే) ఉంటే చాలా పరికరాలు పాత 54 ఎంబీపీఎస్ పద్ధతికి దిగిపోతాయి, చేతికి వచ్చేది అందులో సగం కూడా ఉండదు. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టండి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మేలు. 2018లో వచ్చిన ఈ పద్ధతిలో, ఇంటికి తీసుకెళ్ళి ఊహించుకునే ఆట సాగదు. పాత ప్రింటరో స్వైప్ మెషీనో దానికి కనెక్ట్ కానని మొండికేస్తే, రెండూ కలిసిన మోడ్ పెట్టుకోవచ్చు, కాకపోతే డబ్ల్యూపీఏ2 బలహీనత కొంత అలాగే ఉంటుంది. ప్రింటర్‌ను కేబుల్‌తో కలిపేస్తే ఆ బాధ కూడా ఉండదు.

పై అంతస్తులో రెండో రౌటర్ పెట్టాక నెట్ వస్తూ పోతూ ఉంది

రెండు రౌటర్లూ ఎవరికి వారే పరికరాలకు ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) పంచుతున్నాయి. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడది అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇస్తుంది, సరిపోతుంది. దాని పాస్‌వర్డ్ కూడా మార్చడం మర్చిపోవద్దు, లాడ్జిల్లో దొంగదారి తరచుగా అదే.

మనిషి మానేసిన ప్రతిసారీ అందరి ఫోన్లలో పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తోంది

కిరాణా కొట్టుకు ఇది టెన్షన్ పడాల్సిన విషయం కాదు. నర్సింగ్ హోమ్ లాంటి చోట, మనుషులు తరచూ మారుతుంటే, వైఫై సెక్యూరిటీలో ఎంటర్‌ప్రైజ్ రకం చూడండి. అందులో ఒక్కొక్కరికీ సొంత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి, వెళ్ళిపోయినవాళ్ళది ఒక్కటే తీసేయొచ్చు. దానికి ఆ పేర్లూ పాస్‌వర్డ్‌లూ సరిచూసే రేడియస్ సర్వర్ కావాలి, చూసుకునే మనిషీ కావాలి. ఆ మనిషి లేకపోతే దాని జోలికి పోకండి.

"పాస్‌వర్డ్ తీసీండి బాబూ, వచ్చినోడల్లా అడుగుతున్నాడు"

చైత్రంలో మజ్జిగౌరమ్మ యాత్రకు విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి జనం దిగినప్పుడు లాడ్జివాళ్ళు ఈ మాట అంటారు. తీయొద్దు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వెళ్ళిన ఈమెయిల్ నవీ ముంబైలో తాళం లేని ఒక వైఫై నుంచే పోయింది, పోలీసులు ముందుగా వెళ్ళి నిలబడింది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఇంటి ముందే. గెస్ట్ పాస్‌వర్డ్‌ను గది రసీదు మీద రాసివ్వండి, యాత్ర అయిపోగానే మార్చేయండి.