గాలిలోని రసాయనాన్ని కొలవడం, 3వ పాఠం: కొలవని గంటల సంగతి

పోయిన పాఠంలో మూడు రీడింగులు పక్కపక్కన రాసి, ఏది ఎంతసేపటిదో కింద ఎక్కడో చెప్పాను. దాంతో చాలామంది మూడూ కూడి మూడుతో భాగించారు. కొత్త విషయం తర్వాత చూద్దాం, ముందు ఆ లెక్క సరిచేసుకుందాం.

పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్ పీల్చిన ఫార్మాల్డిహైడ్: గ్రాసింగ్ టేబుల్ (కణజాల నమూనాలను చూసి కోసే బల్ల) దగ్గర 2 గంటలు 1.2 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు అన్న కొలత), నమూనాలు దాచే గదిలో 1 గంట 0.6, మిగతా 5 గంటలు 0.1. మామూలు సగటు 0.63. దాన్ని కొట్టేయండి. ప్రతి రీడింగునూ దాని గంటలతో గుణిస్తే 2.4, 0.6, 0.5, మొత్తం 3.5. ఎనిమిదితో భాగిస్తే 0.44. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన ఎనిమిది గంటల పరిమితి 0.75, జాగ్రత్తలు మొదలుపెట్టాల్సిన స్థాయి 0.5. రెండూ దాటలేదు.

నాకు కోపం తెప్పించే తప్పు వేరే ఉంది: కొలవని గంటలకు సున్నా వేయడం. గాలి నమూనా తీసే పంపు 3 గంటలే నడిచిందనుకోండి. మిగతా 5 గంటలు ఆ మనిషి ఎక్కడున్నాడు? రసాయనమే లేని చోట ఉన్నాడని తెలిస్తే సున్నా వేయవచ్చు. అదే ల్యాబ్‌లో ఉంటే వేయకూడదు. "వాసన రాలేదు" అన్నది సాక్ష్యం కాదు. ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ నీటిలో కలిసిన ద్రవం) వాసనకు ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. పరికరాలను స్టెరిలైజ్ చేసే వాయువు ఇథిలీన్ ఆక్సైడ్ అయితే వందల పీపీఎం చేరేదాకా చాలామందికి వాసనే తెలియదు, దాని పరిమితేమో 1 పీపీఎం. తెలియని చోట సున్నా వేస్తే, ఆ గాలి పీల్చిన మనిషికి అన్యాయం చేసినట్టే. అందుకే నేను రసాయనాన్ని కొలిచే బ్యాడ్జిని షిఫ్ట్ మొదలు నుంచి చివరిదాకా కాలర్ మీదే ఉంచుతాను. గోడకు తగిలిస్తే అది గోడ సంగతే చెబుతుంది.

సగటు బాగున్నా సరిపోదు. ఫార్మలిన్ ఒంపే 15 నిమిషాలను విడిగా కొలవాలి. అక్కడ పరిమితి 2 పీపీఎం.

అభ్యాసం: స్టెరిలైజేషన్ విభాగం, 8 గంటల షిఫ్ట్, ఇథిలీన్ ఆక్సైడ్. స్టెరిలైజర్‌లోంచి సరుకు దించేటప్పుడు 30 నిమిషాలు 4 పీపీఎం, తర్వాత 2 గంటలు 0.8, ఇంకో 3 గంటలు 0.1. మిగతా 2.5 గంటలు అదే విభాగంలో ఉన్నారు, కొలవలేదు. సున్నా వేస్తే 0.49 వస్తుంది. ఇక్కడా జాగ్రత్త స్థాయి 0.5. ఆ కొలవని సమయంలో గాలిలో సగటున ఎంత ఉంటే 0.5 దాటుతుంది? 15 నిమిషాలకు పరిమితి 5 పీపీఎం అయినప్పుడు, మొదటి 4 పీపీఎం రీడింగును నమ్మవచ్చా? రెండింటికీ కారణాలతో రాయండి.